గొట్టాల పంజరం: మసెరాటి టిపో 61 బరువు దించుకున్న తీరు

ఈ కారు పక్కన నిలబడి ముందు అద్దంలోంచి లోపలికి చూస్తే మొదట కంటపడేది స్టీరింగ్ కాదు, మీటర్లు కాదు. సన్నటి ఉక్కు గొట్టాల అల్లిక. చిటికెన వేలంత లావు గొట్టాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఎటు చూసినా త్రికోణాలు కడుతూ, ఒక్కో ముడి దగ్గర నాలుగైదు వచ్చి కలుస్తూ ఉంటాయి. కారు మొత్తంలో ఇలాంటివి దాదాపు 200. పిట్టల్ని పెట్టే పంజరంలా ఉందని దీనికి 'బర్డ్‌కేజ్' అని పేరు పడింది. తయారు చేసిన ఇటలీ కంపెనీ మసెరాటి మాత్రం టిపో 60 అనీ, ఇంజన్ పెద్దది చేశాక టిపో 61 అనీ పిలిచింది. ఆ అంకెలు రికార్డుల్లో ఉండిపోయాయి, జనం నోట పంజరమే నిలిచింది.

అంత చిక్కటి అల్లిక చూస్తే ఎవరో పనితనం చూపించుకోవడానికి చేశారనిపించవచ్చు. కానీ ఇందులో అలంకారం ఒక్క గొట్టం కూడా లేదు. చేతిలో డబ్బు లేని కంపెనీ, కొత్త ఇంజన్ తయారు చేసుకునే స్తోమత లేని కంపెనీ, తనకంటే బలమైన ఇంజన్లున్న కార్లతో పోటీ పడాలంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు ఒక ఇంజనీరు ఇచ్చిన జవాబు ఈ పంజరం. ఈ కారు ఎక్కడ గెలిచింది, ఎక్కడ ఓడింది అన్నది కూడా ఆ జవాబులోంచే అర్థమవుతుంది.

1957లో మసెరాటి శిఖరం మీద ఉంది. వాళ్ల 250ఎఫ్ కారులో హువాన్ మాన్యువల్ ఫాంజియో ఆ ఏడాది ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ గెలిచాడు, అతనికది ఐదోది. స్పోర్ట్స్ కార్ల చాంపియన్‌షిప్ కూడా అందేంత దూరంలోనే ఉంది. నవంబర్‌లో వెనిజులాలోని కారకాస్‌లో చివరి రేసు. ఆ ఒక్క రోజు ఆ కంపెనీకి పీడకలగా మిగిలింది. స్టిర్లింగ్ మాస్ నడుపుతున్న 450ఎస్ దారిలో ఉన్న వేరే కారును గుద్దుకుని తుక్కయింది. ఇంకో 450ఎస్ పిట్‌లో, అంటే దారి పక్కన కార్లు ఆగే చోట, పెట్రోలు పోస్తుండగా అంటుకుంది. మంటలార్పి మళ్లీ రేసులోకి పంపిస్తే, టైరు పేలి అదుపు తప్పిన మరో మసెరాటితో ఢీకొని రెండూ పోయాయి.

కార్లు పోవడం ఒక్కటే అయితే తట్టుకునేవారేమో. 1937 నుంచి కంపెనీని నడుపుతున్న ఓర్సి కుటుంబానికి మెషిన్ టూల్స్ వ్యాపారం కూడా ఉంది. అర్జెంటీనాకు సరుకు అమ్మారు. 1955లో అక్కడ పెరోన్ ప్రభుత్వం పడిపోయాక రావాల్సిన సొమ్ము ఇరుక్కుపోయింది. అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 1957 ఆఖరులో మసెరాటి తన సొంత రేసింగ్ టీమును మూసేసింది, 1958లో కంపెనీ కోర్టు పర్యవేక్షణ కిందికి వెళ్లింది. ఇక అన్నం పెట్టాల్సింది 3500 జీటీ అనే రోడ్డు కారు. రేసు కారు కట్టాలంటే కొనుక్కునేవాళ్లు బయట ఉండాలి, ఖర్చు కనీసంలో ఉండాలి.

అప్పటి చీఫ్ ఇంజనీరు జూలియో అల్ఫియేరి. పార్మాలో పుట్టి, మిలాన్ పాలిటెక్నిక్‌లో చదువుకుని, 1953లో మసెరాటిలో చేరాడు. 250ఎఫ్‌కు మెరుగులు దిద్దిందీ, 3500 జీటీని రూపొందించిందీ అతనే. అతని చేతిలో ఉన్నది ఏమిటో ఒకసారి చూడాలి. 200ఎస్ అనే పాత స్పోర్ట్స్ కారు కోసం చేసిన నాలుగు సిలిండర్ల ఇంజన్. 250ఎఫ్ కాలం నాటి సస్పెన్షన్ భాగాలు, ఆ అనుభవం. కొత్త డైలు, కొత్త అచ్చులు, కొత్త పోతపనులు అడిగే పరిస్థితి లేదు. చౌకగా దొరికేది ఒక్కటే: కంపెనీ ఊరు మోడెనాలో మంచి వెల్డర్ల చేతి పని.

ఎదురుగా ఉన్నది ఫెరారీ. మోడెనా నుంచి గంట సేపు కూడా పట్టని మారనెల్లోలో తయారయ్యే 250 టెస్టా రొస్సాకు 12 సిలిండర్ల ఇంజన్, 300 హార్స్‌పవర్ దాకా శక్తి. 1958 నుంచి ప్రపంచ స్పోర్ట్స్ కార్ల చాంపియన్‌షిప్‌లో ఇంజన్ 3 లీటర్లు దాటకూడదని నిబంధన వచ్చింది. ఆ పరిమితిలో ఫెరారీతో శక్తిలో పోటీ పడాలంటే అంతకు దీటైన ఇంజన్ కావాలి, దానికి డబ్బు కావాలి. అల్ఫియేరి ఆ లెక్కను తిరగేశాడు. కారు వేగం పెరగడానికి ఇంజన్ బలం పెంచడం ఒక దారి, మోయాల్సిన బరువు తగ్గించడం ఇంకో దారి. రెండో దారికి కావాల్సింది బుర్ర, ఓపిక.

లెక్కలో చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. టిపో 61 బరువు సుమారు 600 కిలోలు, ఇంజన్ ఇచ్చేది సుమారు 250 హార్స్‌పవర్. అంటే ఒక్కో హార్స్‌పవర్ మోసేది 2.4 కిలోలు. 750 కిలోల బరువు, 300 హార్స్‌పవర్ ఉన్న కారులో అది 2.5 కిలోలు. కాగితం మీద ఇద్దరూ దాదాపు సమానం. కానీ తేలికైన కారుకు లాభం అక్కడితో ఆగదు. మలుపు ముందు ఆపాల్సిన బరువు తక్కువ, కాబట్టి బ్రేకు ఆలస్యంగా నొక్కవచ్చు. మలుపులో టైర్ల మీద పడే భారం తక్కువ, కాబట్టి టైర్లు ఎక్కువ సేపు వస్తాయి. పెట్రోలు తక్కువ తాగుతుంది, కాబట్టి పిట్‌లో ఆగడం తగ్గుతుంది. శక్తి పెంచితే ఎక్కువగా తిన్నటి రోడ్డు మీదే పనికొస్తుంది. బరువు తగ్గితే రేసులో ప్రతి మీటరులోనూ పనికొస్తుంది. తేలికదనం గురించి ఇంజనీర్లు అంత పట్టుగా మాట్లాడేది ఇందుకే.

ఇప్పుడు పంజరం దగ్గరికి వద్దాం. అప్పటి చాలా రేసు కార్లకు వెన్నెముక రెండు లావుపాటి గొట్టాలు. ముందు నుంచి వెనక దాకా సమాంతరంగా పోయేవి, మధ్యలో అడ్డ గొట్టాలు, నిచ్చెన మాదిరి. నిచ్చెనను నేల మీద పెట్టి ఒక మూలను ఎత్తితే మెలి తిరుగుతుంది. ఆ మెలిక రాకుండా ఉండాలంటే గొట్టాలు ఇంకా లావు చేయాలి, బరువు పెరుగుతుంది.

దీనికి విరుగుడు పల్లెటూరి తడిక తలుపులో కనిపిస్తుంది. నాలుగు కర్రలు నలుచదరంగా కట్టి తలుపు చేస్తే నాలుగు రోజుల్లో ఒక పక్కకు వాలిపోతుంది. కర్రలు విరగవు, కట్టిన మూలలు లొంగిపోతాయి. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక బద్ద కొడితే ఇక కదలదు. ఆ ఒక్క బద్దతో చతురస్రం రెండు త్రికోణాలైంది. త్రికోణానికి ఉన్న గుణం ఇదే: మూడు భుజాల పొడవు మారితే తప్ప దాని ఆకారం మారదు. రైలు వంతెనల్లో, హై టెన్షన్ కరెంటు టవర్లలో ఎక్కడ చూసినా త్రికోణాలు కనపడేది అందుకే. త్రికోణాలతో కట్టిన చట్రంలో ప్రతి కడ్డీకి రెండే పనులు ఉంటాయి. సాగదీస్తే సాగకుండా ఉండడం, నొక్కితే నలగకుండా ఉండడం. వంగడం అనే పని దాదాపు ఉండదు. ఉక్కు కడ్డీ వంపుకు సులువుగా లొంగుతుంది కానీ లాగుడుకు, నొక్కుడుకు చాలా గట్టిది. కాబట్టి సన్నటి గొట్టం కూడా సరిపోతుంది.

ఈ సూత్రం అల్ఫియేరి కనిపెట్టింది కాదు. 1952 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్ అలాంటి చట్రంతోనే ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ రేసు గెలిచింది, ఇంగ్లండ్‌లో లోటస్ కార్లూ అలాగే తయారయ్యేవి. అతను చేసింది ఆ సూత్రాన్ని చివరిదాకా లాక్కెళ్లడం. మిగతావాళ్లు కొన్ని పెద్ద త్రికోణాలతో ఆగితే, అతను వాటిని మళ్లీ చిన్న త్రికోణాలుగా విడగొట్టాడు, ఆ చిన్నవాటిని ఇంకా చిన్నవిగా.

ఎందుకలా? చీపురు పుల్ల తీసుకుని రెండు కొసల్నీ వేళ్ల మధ్య పెట్టి నొక్కితే మధ్యలో విల్లులా వంగుతుంది. ఆ పుల్లనే సగానికి విరిచి ఒక ముక్కను అలాగే నొక్కితే అంత తేలిగ్గా వంగదు. గణితం చెప్పేది కూడా ఇదే. పొడవు సగమైతే కడ్డీ వంగిపోయే ముందు మోయగల బరువు నాలుగు రెట్లవుతుంది, మూడో వంతైతే తొమ్మిది రెట్లవుతుంది. సన్నటి గొట్టానికి ఉన్న పెద్ద భయం నొక్కినప్పుడు పక్కకు వంగిపోవడం. దాన్ని పొట్టిగా ఉంచితే, అంటే ప్రతి అడుగుకూ ఇంకో గొట్టం వచ్చి పట్టుకునేలా చేస్తే, ఆ భయం పోతుంది. అప్పుడు గొట్టాన్ని మరింత సన్నగా చేయవచ్చు. గొట్టాల సంఖ్య పెరుగుతుంది, మొత్తం బరువు తగ్గుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా నిజం ఇదే. క్రోమ్, మాలిబ్డినం కలిసిన గట్టి ఉక్కు గొట్టాలతో చేసిన ఆ చట్రం మొత్తం బరువు 40 కిలోల లోపే. ఒక మనిషి ఒంటిచేత్తో కాకపోయినా రెండు చేతులతో లేపగలిగే వస్తువు, 250 హార్స్‌పవర్ ఇంజన్‌ను గంటకు 250 కిలోమీటర్ల పైబడిన వేగంతో మోసింది.

అద్దం కింద అల్లిక అంత చిక్కగా ఉండడానికీ కారణం ఉంది. రేసు కారులో డ్రైవరు కూర్చోవాలి కదా. అంటే చట్రం మధ్యలో పైభాగం తెరిచి వదిలేయాలి. మూత లేని అట్టపెట్టె ఎలా మెలి తిరుగుతుందో, అలాంటి పెద్ద కంత దగ్గర చట్రం బలహీనపడుతుంది. అక్కడ ఏటవాలు గొట్టం వేస్తే డ్రైవరు గుండెల మీదికి వస్తుంది. కాబట్టి ఆ కంతకు ముందూ వెనకా, పక్కల్లో, దొరికిన ప్రతి జానెడు చోటునూ త్రికోణాలతో నింపాలి. ప్రేక్షకులకు కనిపించి పేరు తెచ్చిన ఆ చిక్కుముడి అసలు పని అది.

మెలి తిరగకపోవడానికి ఇంత ఆరాటం దేనికంటే, సస్పెన్షన్ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. స్ప్రింగులను, చక్రాల కోణాలను ఎంత జాగ్రత్తగా లెక్కవేసినా, అవి తగిలించిన చట్రమే మెత్తగా ఉంటే ఆ లెక్కలన్నీ గాలికి పోతాయి. మెత్తటి చట్రం ఎవరూ అడగని ఐదో స్ప్రింగులా పనిచేస్తుంది. మలుపులో కారు ఏం చేస్తుందో డ్రైవరుకు ముందుగా అంచనా దొరకదు. గట్టి చట్రం ఉన్న కారులో స్టీరింగ్ కాస్త తిప్పితే ఏం జరుగుతుందో చేతులకు వెంటనే తెలుస్తుంది. బర్డ్‌కేజ్ నడిపిన డ్రైవర్లు దాని స్టీరింగ్‌నూ, రోడ్డు పట్టునూ అంతగా ఇష్టపడడానికి మూలం ఇక్కడుంది.

ఇంజన్ విషయానికి వస్తే, మొదట 1959లో టిపో 60 కోసం సిద్ధమైంది 1,990 సీసీది. సిలిండర్ వ్యాసం 93.8 మిల్లీమీటర్లు, పిస్టన్ కదలిక 72 మిల్లీమీటర్లు. సుమారు 200 హార్స్‌పవర్. పైన రెండు క్యామ్‌షాఫ్టులు, ఒక్కో సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు, రెండు జంట గొంతుల వెబర్ కార్బురేటర్లు. 3 లీటర్ల తరగతిలో పరుగెత్తే కారు కావాలని అమెరికా కొనుగోలుదార్లు అడిగారు. అల్ఫియేరి అదే ఇంజన్‌ను వ్యాసం 100, కదలిక 92 మిల్లీమీటర్లకు పెంచి 2,890 సీసీ చేశాడు. అదే టిపో 61. ఒక్కో సిలిండరే 720 సీసీ పైచిలుకు. అంటే ఈనాడు రోడ్ల మీద తిరిగే చిన్న కారు ఇంజన్ మొత్తానికి దగ్గరగా ఉన్న పరిమాణం ఒక్క పిస్టన్ కింద. అంత పెద్ద పిస్టన్లు నాలుగే ఉన్న ఇంజన్ నిమ్మళంగా తిరగదు. నాలుగు సిలిండర్ల వరుస ఇంజన్లో పిస్టన్లు పైకీ కిందికీ వెళ్లే వేగాల్లోని తేడా వల్ల ఒక వణుకు పుడుతుంది. పిస్టన్ బరువూ, కదలికా పెరిగే కొద్దీ ఆ వణుకూ పెరుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ ఇంజన్‌ను నిలువుగా కాకుండా 45 డిగ్రీలు పక్కకు వాల్చి కూర్చోబెట్టారు. దాంతో బానెట్ ఎత్తు బాగా తగ్గింది, గాలికి ఎదురయ్యే ముఖం చిన్నదైంది, కారు గరిమనాభి కిందికి దిగింది. ముందు చక్రాల మీద బానెట్ అంచులు రెండు మూపురాల్లా పైకి లేచి, మధ్య భాగం కిందికి నొక్కినట్టు ఉండే ఆ రూపం ఈ కూర్పు వల్లే సాధ్యమైంది. గీసినవాడి చేతిలోంచి అందం కోసం వచ్చింది కాదు. లోపల ఉన్న ఇంజన్, చక్రాలు, గొట్టాల మీద పలచటి అల్యూమినియం రేకును దుప్పటిలా కప్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అయినా, లేదా అందుకే, ఆ కాలపు కార్లలో ఇంత అందమైనవి కొద్ది.

మిగతా భాగాల్లో తెలిసిన దారినే నడిచారు. ఐదు గేర్ల గేర్‌బాక్స్‌ను, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌తో కలిపి వెనక పెట్టడంతో ముందున్న ఇంజన్ బరువుకు వెనక దీటు దొరికింది. వెనక చక్రాలను కలిపే డి డియోన్ గొట్టం, అడ్డంగా ఒక పట్టీ స్ప్రింగు, ముందు విడివిడిగా కదిలే సస్పెన్షన్, ఇవన్నీ 250ఎఫ్ వంశం. కొత్తగా వచ్చినవి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 300ఎస్, 450ఎస్ లాంటి పాత మసెరాటీలన్నీ డ్రమ్ బ్రేకులతోనే పరుగెత్తాయి. ఇంత తేలికైన కారుకు డిస్కులు తోడైతే మలుపు ముందు ఎదుటివాడికంటే ఎంత ఆలస్యంగా బ్రేకు వేయవచ్చో ఊహించుకోవచ్చు.

1959 జులైలో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో టిపో 60 మొదటి రేసు. స్టీరింగ్ వెనక మాస్. మొదటి రేసులోనే గెలుపు. కొనుగోలుదార్లు వరుస కట్టడానికి అది చాలు. టిపో 60, 61 కలిపి తయారైనవి 20 పైచిలుకు, ఎక్కువ భాగం అమెరికా వెళ్లాయి. అక్కడి పొట్టి రేసుల్లో ఈ కారు రాజ్యమేలింది. 1960లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ గ్రాండ్ ప్రీని బిల్ క్రాస్ దీనితోనే గెలిచాడు. కారల్ షెల్బీ, జిమ్ హాల్, తర్వాత పెద్ద టీము యజమానిగా పేరు తెచ్చుకున్న రోజర్ పెన్‌స్కీ, అందరూ దీన్ని నడిపినవాళ్లే.

పెద్ద అంతర్జాతీయ రేసులకు ఈ కారును తీసుకెళ్లింది మసెరాటి కాదు, లాయిడ్ కాస్నర్ అనే అమెరికన్. 'లక్కీ' అని పిలిచేవారు. తన పేరులోని అక్షరాలతో 'కాస్నర్ మోటర్ రేసింగ్ డివిజన్' అన్న మాటను కుదించి టీముకు 'కామొరాడి' అని పేరు పెట్టాడు. డబ్బు అతను తేవాలి, కార్లు మోడెనా ఇవ్వాలి. 1960 ఫిబ్రవరిలో క్యూబాలో మాస్ గెలిచాడు. తర్వాత అసలు పరీక్షలు మొదలయ్యాయి. మార్చిలో అమెరికాలోని సెబ్రింగ్ 12 గంటల రేసులో మాస్, డాన్ గర్నీ జంట అందరికంటే ముందు పోతుండగా వెనక గేర్ల భాగం విరిగింది. మే నెలలో సిసిలీ కొండ దారుల్లో టార్గా ఫ్లోరియో. ఉంబెర్టో మాగ్లియోలి, నినో వాకరెల్లా ముందున్నారు. ఒక రాయి తగిలి పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడింది, అంతటితో సరి.

మే 22న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్. అడవిలో కొండల మధ్య ఒక్కో చుట్టు 22.8 కిలోమీటర్లు, అలాంటివి 44. ఎక్కడా తిన్నగా ఉండని దారి, ఎత్తులూ పల్లాలూ, ఒకదాని వెంట ఒకటి మలుపులు. ఇంజన్ బలం కంటే కారు పట్టు, బ్రేకులు, డ్రైవరు నమ్మకం ఎక్కువ పనిచేసే చోటు. అంటే అల్ఫియేరి గీసిన కారు కోసమే తవ్వినట్టున్న దారి. మాస్ మొదటి నుంచే మిగతావారిని వదిలేసి వెళ్లిపోయాడు. గర్నీ చేతికి వచ్చాక ఆయిల్ పైపు ఊడి కారు పిట్‌లో నిమిషాల కొద్దీ ఆగిపోయింది. ముందున్న ఆధిక్యమంతా పోయింది. అడవి మీద పొగమంచు కమ్మింది, దారి తడిగా ఉంది. అక్కడి నుంచి గర్నీ ఒక్కో కారునూ దాటుకుంటూ వచ్చాడు. మబ్బులోంచి ఎదుటి కారు కనపడేసరికి అది పక్కనే ఉంటుంది. అలాంటి స్థితిలో డ్రైవరుకు కారు ముందే చెప్పాలి, ఇక్కడ జారబోతున్నాను, ఇక్కడ పట్టుంది అని. మెలి తిరగని ఆ చట్రం సరిగ్గా అదే చేసింది. చివర్లో మాస్ మళ్లీ ఎక్కి రేసు ముగించాడు. ఆ రేసులో అతనికిది వరుసగా మూడో ఏటి గెలుపు, అంతకు ముందు రెండు ఆస్టన్ మార్టిన్‌తో.

నెల తర్వాత లె మాన్స్. ఇక్కడ అల్ఫియేరి బుర్ర ఇంకో దారిలో పనిచేసింది. ఆ ఏడాది కొత్త నిబంధన ప్రకారం ముందు అద్దం కనీసం 25 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. నిలువుగా అంత అద్దం పెడితే గంటకు 270 కిలోమీటర్ల వేగంలో అదొక గోడ. అల్ఫియేరి అద్దం మొదలును బానెట్ మీద చాలా ముందుకు జరిపాడు. ఎత్తును కొలిస్తే 25 సెంటీమీటర్లూ ఉంటుంది, కానీ అది పొడవాటి వాలుగా, గాలి జారిపోయేలా వస్తుంది. నిబంధనను ఎక్కడా మీరలేదు, దాని వల్ల వచ్చే నష్టాన్ని మాత్రం కరిగించేశాడు. అంత పెద్ద అద్దం కింద గొట్టాలు మునుపటి కంటే ఇంకా స్పష్టంగా కనపడ్డాయి.

మాస్టెన్ గ్రెగరీ ఆ కారుతో మొదట్లోనే ఫెరారీలను దాటి ముందుకు వచ్చాడు. మొదటి పిట్ స్టాప్ దాకా అందరూ అతని వెనకే. పెట్రోలు పోసి స్టార్టర్ నొక్కితే ఇంజన్ లేవలేదు. చేతిలో ఉన్న రేసు పిట్ గోడ పక్కన దాదాపు గంట సేపు అలా నిలబడిపోయింది. ఆ కారుకు ఆ తర్వాత పోయిన సమయం తిరిగి రాలేదు. కామొరాడి తెచ్చిన మూడు మసెరాటీల్లో ఒక్కటి కూడా 24 గంటలూ పూర్తి చేయలేదు.

ఈ వరుస చూస్తే ఒక సంగతి తేలిపోతుంది. వేగంలో ఓడిన రేసు దాదాపు లేదు, చివరిదాకా నిలవక ఓడినవే. మరి ఆ తప్పు పంజరానిదా?

కొంత నిజమే. 200 గొట్టాలంటే వాటి కొసల్లో వందల కొద్దీ వెల్డింగులు. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారుతుంది, సరిగ్గా ఆ అంచులోనే పగులు మొదలవుతుంది. ముడి దగ్గర నాలుగైదు గొట్టాలు కలిసినప్పుడు బలాలన్నీ అక్కడికే చేరతాయి. దీని మీద పైన చెప్పిన పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజన్ వణుకు, గంటల తరబడి, నిమిషానికి 7,000 చుట్లతో. పలచటి గొట్టానికి తట్టుకునే బలం ఉన్నా, లక్షల సార్లు చిన్న చిన్నగా ఊగితే అలిసిపోతుంది. తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టే. పగిలిన గొట్టాన్ని కనిపెట్టడం ఒక తలనొప్పి, అందుకోవడం ఇంకో తలనొప్పి. లోపలి గొట్టం ఒకటి మార్చాలంటే దానికి దారి ఇచ్చే బయటి గొట్టాలను కోసి, పని అయ్యాక మళ్లీ అతికించాలి. నిచ్చెన చట్రంలో పది నిమిషాల పని ఇక్కడ ఒక రాత్రి పని. మెకానిక్కులు ఈ కారును ప్రేమించారంటే నమ్మడం కష్టమే.

కానీ సెబ్రింగ్‌లో విరిగింది గేర్లు, టార్గా ఫ్లోరియోలో చిల్లు పడింది ట్యాంకు, లె మాన్స్‌లో మొరాయించింది స్టార్టర్. ఇవేవీ గొట్టాలు కావు. అసలు లోటు ఇంకోచోట ఉంది. 24 గంటలు నిలిచే కారు డ్రాయింగ్ బోర్డు మీద తయారు కాదు. రాత్రింబవళ్లు నడిపి, విరిగిన ప్రతి చిన్న భాగాన్నీ మార్చి, మళ్లీ నడిపి చూస్తే తయారవుతుంది. ఫెరారీకి ఆ పని చేసే సొంత టీము ఉంది, మనుషులున్నారు, విడి భాగాలున్నాయి. మసెరాటికి అప్పటికి సొంత టీమే లేదు. కొన్నవాడి దగ్గర పరీక్షలకు డబ్బు లేదు, అమ్మినవాడి దగ్గర అంతకంటే లేదు. కారు వేగం ఒక మనిషి ఆలోచనలోంచి రావచ్చు. దాని ఓర్పు మాత్రం డబ్బూ, సమయమూ పెడితేనే వస్తుంది. అల్ఫియేరి లెక్కలో మొదటిదానికి లోటు లేదు, రెండోదానికి అతని చేతిలో ఏమీ లేదు. అందుకే గంటా రెండు గంటల అమెరికా రేసుల్లో వరుసగా గెలిచిన అదే కారు, దీర్ఘ పందాల్లో చాలాసార్లు దారి మధ్యలో ఆగిపోయింది.

ఇంకో వైపు కాలం కూడా కదిలిపోతోంది. 1959లో, ఈ కారు పుట్టిన ఏడాదే, ఇంజన్‌ను డ్రైవరు వెనక పెట్టిన చిన్న కూపర్ కారు ఫార్ములా వన్ టైటిల్ గెలిచింది. ఇంజన్ వెనకుంటే డ్రైవరు పక్క నుంచి పొడవాటి షాఫ్టు పోనక్కర్లేదు, డ్రైవరును ఇంకా కిందికి కూర్చోబెట్టవచ్చు, కారు ముక్కు ఇంకా సన్నబడుతుంది. అల్ఫియేరికి ఇది తెలియక కాదు. 1961లో అదే గొట్టాల పద్ధతితో ఇంజన్ వెనక పెట్టి టిపో 63 చేశాడు, దానిలో 12 సిలిండర్ల ఇంజన్ కూడా ప్రయత్నించాడు. కానీ ముందు ఇంజన్ కారుకు కుదిరిన సమతూకం వెనక ఇంజన్ కారుకు అంత తేలిగ్గా కుదరలేదు. 1962లో కోలిన్ చాప్‌మన్ లోటస్ 25తో గొట్టాల అవసరమే లేని, అల్యూమినియం రేకుల పెట్టెనే చట్రంగా చేసిన ఫార్ములా వన్ కారును తెచ్చాడు. గొట్టాలను సన్నగా, ఇంకా సన్నగా చేస్తూ పోతే చివరికి చేరేది అక్కడికే: ప్రతి త్రికోణాన్నీ రేకుతో నింపేస్తే గొట్టాల పనే ఉండదు. పంజరం ఆ దారిలో గొట్టాల పద్ధతి చేరగలిగిన ఆఖరి మెట్టు.

అయినా 1961 మే 28న ముందు ఇంజన్ టిపో 61 మళ్లీ న్యూర్‌బర్గ్‌రింగ్‌కు వచ్చింది. ఈసారి ఆ కారులో మాస్ లేడు, గర్నీ లేడు. నడిపింది మాస్టెన్ గ్రెగరీ, తోడుగా టీము యజమాని కాస్నర్. ఫెరారీ అప్పటికే వెనక ఇంజన్ కార్లు కూడా తెచ్చింది. వాన, దాని మీద చలికి కురిసిన మంచు. బలమైన కార్లు ఒక్కొక్కటే ఇబ్బందుల్లో పడ్డాయి. ఏడాది ముందు చాలాచోట్ల ఏదో ఒకటి పాడై ఆగిపోయిన ఆ కారు, ఆ రోజు 44 చుట్లూ ఏమీ విరగకుండా తిరిగి మొదటి స్థానంలో వచ్చింది.